కొండ కనబడకుండా మిద్దెలు లేస్తున్నాయి. కాలనీ వాళ్లం కలిసి రాసుకుంటే నిలుస్తుందా? (కడప)

ప్రశ్న: రాయచోటి రోడ్డు నుంచి

మాది కడప. రాయచోటి రోడ్డు వైపు చిన్న లేఅవుట్. మూడు వరుసలు, వరుసకు 12 చొప్పున 36 ప్లాట్లు, ఒక్కోటి 4 సెంట్లు. నేను స్టాఫ్ నర్సుని, మా ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. 2008లో ఇల్లు కట్టుకున్నాం. రెండో వరుసలో, దక్షిణం ముఖం. దక్షిణం వాకిలి వద్దని ఇంట్లో పెద్దవాళ్లంతా గొడవ చేశారు. ప్లాటు చూడ్డానికి వచ్చిన రోజు సాయంత్రం పాలకొండలు ఎదురుగా నిలబడి కనిపించాయి. అది చూశాక ఇంకో ప్లాటు చూడబుద్ధి కాలేదు. వాస్తు సంగతి తర్వాత చూద్దాంలే అని అడ్వాన్సు ఇచ్చేశాం.

మా అమ్మకు 81 ఏళ్లు. నాతోనే ఉంటుంది. ఆమె పుట్టింది గువ్వలచెరువు ఘాటుకు అవతల ఒక పల్లెలో. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో అంత దూరం బస్సులో కూర్చోలేదు. రోజూ అయిదున్నరకు ఒక అంతస్తు మెట్లు మెల్లగా ఎక్కి మిద్దె మీద కూర్చుంటుంది. అదే కుర్చీ, అదే చోటు. ఎండ తగలకుండా ఏటా మిద్దెకు సున్నం పూయిస్తాం. కుర్చీ నాలుగు కాళ్లూ ఆనే చోట మాత్రం సున్నం అరిగి లోపలి సిమెంటు నాలుగు గుండ్రాలుగా బయటపడుతుంది. మళ్లీ పూయిస్తాం, మళ్లీ అరుగుతుంది. "ఆ రెండు మూపురాల నడుమ నుంచే మా ఊరికి దావ" అని చూపిస్తుంది. మబ్బు పడితే మాకంటే ముందే "వాన దిగుతాంది, బట్టలు తీయండి" అని కేకేస్తుంది. ఎండాకాలం రాత్రి కొండ మీద గడ్డి అంటుకుంటే ఎర్రటి తాడు పరిచినట్టుంటుంది, అది ఆరిపోయేదాకా కిందికి దిగదు.

ముందు వరుసలో అన్నీ ఒకే అంతస్తు ఇళ్లు, మూడు ఖాళీ ప్లాట్లు ఉండేవి. పోయినేడు అందులో ఒకటి, మాకు ఎడమ చేతి వైపుది, అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు స్టిల్ట్ మీద మూడంతస్తులు లేపారు. మూడో స్లాబు పోసిన రోజు అమ్మ కుర్చీలోంచి లేచి పిట్టగోడ దాకా వెళ్లి, ఒక పక్కకు ఒంగి చూసి, ఏమీ మాట్లాడకుండా కిందికి వచ్చేసింది. కొండ సగం పోయింది.

ఆ ఇంటివాళ్ల మీద నాకు కోపం లేదు. ప్లాన్ అప్రూవల్ ఉంది, వాళ్ల స్థలం, కట్టుకున్నారు. నా భయం మిగిలిన రెండు ప్లాట్ల గురించి. సరిగ్గా మాకు ఎదురుగా ఉన్నది కువైట్‌లో ఉన్న ఒకాయనది. అమెరికాలో కాలనీ వాళ్లంతా కలిసి ఇంత ఎత్తుకు మించి కట్టం అని పత్రం రాసుకుంటారని మా మరిది చెప్పాడు. అలాంటిది ఇక్కడ కుదురుతుందా? రేపు వాళ్లు వేరేవాళ్లకు అమ్మినా ఆ మాట నిలుస్తుందా? ప్లాట్లు అమ్మేటప్పుడు లేఅవుట్ ఆయన "ముందు వరుసలో చిన్న ఇళ్లే వస్తాయమ్మా" అని నోటిమాటగా చెప్పాడు. దానికేమైనా విలువ ఉంటుందా?

జవాబు: కడప, అడ్వకేట్

అక్కా, కష్టంగా ఉండే మాట ముందే చెప్పేస్తాను. కొండ కనబడటం అనేది మన చట్టంలో హక్కు కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ యాక్టు (పక్క స్థలం మీద మనకుండే హక్కుల చట్టం) 7వ సెక్షన్ చూడండి. పట్టణంలో స్థలం ఉన్నవాడు మున్సిపల్ రూల్స్‌కు లోబడి దాని మీద కట్టుకోవచ్చు, అది వాడి సొంత హక్కు. వెలుతురు, గాలి వేరే సంగతి. మీ ఇంటి కిటికీకి 20 ఏళ్లు అడ్డం లేకుండా, ఎవరి అభ్యంతరమూ లేకుండా, హక్కుగా వెలుతురు వస్తుంటే 15వ సెక్షన్ కింద అడగొచ్చు. మీది 2008 ఇల్లు, ఇంకా 20 ఏళ్లు నిండలేదు. నిండినా అది కిటికీలోకి వచ్చే వెలుతురుకే. మిద్దె మీద కూర్చున్నప్పుడు కనబడే కొండకు అది పనికిరాదు.

ఈ తేడా చాలా పాతది. ఇంగ్లండులో 1610లో ఆల్‌డ్రెడ్ కేసు అని ఒకటుంది. పక్కింటాయన పందుల దొడ్డి పెట్టాడని గొడవ. కంపు మీద, వెలుతురు మూసేయడం మీద కేసు నడుస్తుంది కానీ, దృశ్యం పోయిందని కేసు వేయలేరు, ఎందుకంటే అది అవసరం కాదు, ఆనందం మాత్రమే అన్నారు జడ్జీలు. మీ అమ్మగారి విషయంలో అది అవసరం కాదని నేను అనలేను. కానీ కోర్టులో ఆ దారి మూసుకుపోయి ఉంది.

ఇంకో దారి ఉంది. ఎవరి స్థలం మీద వాళ్లే ఇష్టపడి ఒక కట్టుబాటు పెట్టుకుంటే, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్టు 40వ సెక్షన్ దాన్ని ఒప్పుకుంటుంది. పక్క స్థలం బాగా అనుభవించడానికి "ఇది కట్టకూడదు" అన్న నిబంధన ఉంటే, దాని సంగతి తెలిసి కొన్నవాడి మీద కూడా అమలు చేయించుకోవచ్చు. తెలియక డబ్బిచ్చి కొన్నవాడి మీద మాత్రం కుదరదు. దీనికి మూలం 1848 నాటి టల్క్ వర్సెస్ మాక్సే అనే లండన్ కేసు. లీసెస్టర్ స్క్వేర్ మధ్యలో ఉన్న తోటను తోటగానే ఉంచాలన్న షరతుతో అమ్మారు. చేతులు మారి మారి షరతు తెలిసిన ఒకాయన దగ్గరికి వచ్చింది. ఆయన కట్టబోతే కోర్టు ఆపేసింది. గుర్తుంచుకోండి, "కట్టకూడదు" అనేదే నిలుస్తుంది. "ఏటా చెట్లు నరికించాలి, డబ్బు కట్టాలి" లాంటివి రాస్తే కొత్త కొనుగోలుదారు మీద నిలవవు.

తెలిసి కొన్నాడని చూపించాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రతి ప్లాటు నంబరు, సర్వే నంబరు, హద్దులు షెడ్యూల్లో రాసి రిజిస్టర్ చేయిస్తే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కనబడుతుంది. అప్పుడు "నాకు తెలియదు" అనడానికి ఉండదు. లేఅవుట్ ఆయన నోటిమాట మర్చిపోండి.

సంతకాల దగ్గర జాగ్రత్త. ఇల్లు తండ్రి పేరు మీద ఉండి ఆయన పోయి ఉంటే వారసులంతా పెట్టాలి. వారసుల్లో మైనర్ పిల్లలుంటే వాళ్ల వాటా మీద ఇలాంటి భారం పెట్టడానికి తల్లి సంతకం ఒక్కటే చాలదు, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. బ్యాంకు లోను ఉంటే బ్యాంకు ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి. లేకపోతే రేపు బ్యాంకు వేలం వేసినప్పుడు మీ పత్రం ఆ ప్లాటు మీద నిలవదు.

జవాబు: అనంతపురం నుంచి

అమ్మా, లాయరు గారు చెప్పిన రిజిస్ట్రేషన్ మాట గట్టిగా పట్టుకోండి. మేం పట్టుకోక చెడిపోయాం. మాది బుక్కరాయసముద్రం చెరువు వైపు ఉన్న కాలనీ. మంచి వానలు పడి చెరువు నిండిన ఏడు మా మిద్దెల మీదికి చూడ్డానికి చుట్టాలు వచ్చేవాళ్లు. 2012లో తొమ్మిది ఇళ్లవాళ్లం కూర్చుని 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నాం. నోటరీ దగ్గర సీలు వేయించాం. ఒరిజినల్ నా బీరువాలోనే ఉంది. ఆ రోజు అందరూ మనస్ఫూర్తిగానే పెట్టారు సంతకాలు, ఆ మాట నేను ఒట్టేసి చెప్తాను.

ఆరేళ్లకు ఒకాయన పిల్ల పెళ్లికి ఇల్లు అమ్మేశాడు. కొన్నాయనకు పేపరు చూపిస్తే మర్యాదగానే చదివి "ఇది నా లింక్ డాక్యుమెంట్లలో లేదు కదండీ, ఈసీలో కూడా రాలేదు" అన్నాడు. ఆయన కట్టడం మొదలుపెట్టాక మేం ఎనిమిది నెలలు వాదులాడుకుంటూ కూర్చున్నాం, కోర్టుకు పోదామా వద్దా అని. ఈలోగా రెండో స్లాబు పడింది. అప్పుడు వెళ్తే లాయరు అడిగిన మొదటి ప్రశ్న "ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారు" అని. చూస్తూ ఊరుకున్నవాడికి ఇంజంక్షన్ (కట్టడం ఆపమనే కోర్టు ఉత్తర్వు) రావడం కష్టమంట. ఇప్పుడు చెరువు నిండితే మేం రోడ్డు మీదికి నడిచి వెళ్లి చూసి వస్తున్నాం.

ఇంకో మాట. ఎత్తు రాసేటప్పుడు "రోడ్డు నుంచి ఇన్ని అడుగులు" అని రాయకండి. మా వీధికి సిమెంటు రోడ్డు రెండుసార్లు వేశారు, రోడ్డే అడుగున్నర లేచింది. కదలని గుర్తు ఏదైనా పట్టుకుని రాయండి.

జవాబు: కర్నూలు, ముందు వరుస ఇంటివాడిని

మాకు కర్నూలులో జగన్నాథ గట్టు కనిపించే వైపు ఇల్లు ఉంది. మాది ముందు వరుసే. అందుకని ముందు వరుస వాళ్ల మాట కూడా ఒకటి వినండి అక్కా.

మా నాయన 3 సెంట్లు కొన్నాడు. మేం ఇద్దరం అన్నదమ్ములం. పైన అంతస్తు వేసుకునే హక్కు లేకపోతే మాలో ఒకడు అద్దెకు పోవాలి. మీరు ఎత్తు తగ్గించుకోమని అడిగితే నష్టపోయేది ముందు వరుస, లాభం వెనక వరుసలది. మా ముందు ఖాళీ పొలం ఉంది, మాకు గట్టు ఎలాగూ కనిపిస్తుంది. మాకెందుకు సంతకం? మంచితనం కోసం పెట్టమంటే ఈ రోజు పెడతాం, రేపు కోడలు వచ్చాక ఇంట్లో గొడవ అవుతుంది. పై అంతస్తు అద్దె మీద బతికే ముసలివాళ్లు కూడా ఉంటారు మీ వీధిలో. వాళ్లకు ఏం ఇస్తారో ముందు అనుకుని, ఆ తర్వాత అడగండి. ఊరికే అడిగితే అది అడగడం కాదు, మొహమాట పెట్టడం.

ప్రశ్న వేసిన అక్క

కర్నూలు తమ్ముడూ, నీ జవాబు చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ముందు వరుసలో ఒక విధవరాలు ఉంది, ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి 14 ఏళ్లు. ఆమె పైన రెండు గదులు వేసి అద్దెకు ఇవ్వాలని చీటీలు కడుతోంది. ఆమె దగ్గరికి సంతకానికి వెళ్లాలనుకున్నదాన్ని, ఆగిపోయాను. ఆమె లేకుండానే పత్రం రాసుకుంటాం.

ఇక్కడ ఎవరైనా అమెరికాలో ఇలాంటి కాలనీలో ఉన్నవాళ్లుంటే అక్కడ ముందు వరుసకు ఏం ఇస్తారో చెప్పండి.

జవాబు: ప్రొద్దుటూరు, ఇప్పుడు కాలిఫోర్నియా

అక్కా, ఇక్కడ ముందు వరుసకు ఏమీ ఇవ్వరు, ఎందుకంటే బిల్డరు ఒక్క ప్లాటు కూడా అమ్మకముందే నిబంధనల పత్రం కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో రికార్డు చేయించేస్తాడు. కొనేవాడు చదివి, ఆ తగ్గిన హక్కుకు తగిన ధర ఇచ్చి కొంటాడు. మీరు ఇళ్లు కట్టాక మొదలుపెడుతున్నారు, అందుకే బేరం తప్పదు. కొన్ని ఊళ్లలో ఊరే చట్టం చేసుకుంది. లాస్ ఏంజెలస్ దగ్గర రాంచో పాలోస్ వెర్డెస్ అనే ఊళ్లో సముద్రం కనబడటం కోసం 1989లో జనం ఓటేసి ఆర్డినెన్సు తెచ్చుకున్నారు. అక్కడ నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. కొన్ని రకాల ఎత్తు పెంచే పనులకు అనుమతి అడిగేవాడు ముందుగా కట్టబోయే ఆకారానికి కర్రలు పాతి, జెండాలు కట్టి నిలబెట్టాలి. చుట్టుపక్కలవాళ్లు తమ ఇంట్లోంచి చూసి ఎంత అడ్డమొస్తుందో కళ్లారా తెలుసుకుంటారు. కాగితం మీద అడుగులు రాసుకునే ముందు మీరు అది చేయండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఈ దేశంలో ఇవే నిబంధన పత్రాల్లో నల్లవాళ్లకు ఇల్లు అమ్మకూడదు అని రాసుకున్న కాలనీలు వేలకొద్దీ ఉండేవి. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు అలాంటివి కోర్టుల ద్వారా అమలు చేయించకూడదని చెప్పాకే వాటి బలం పోయింది. పాత దస్తావేజుల్లో ఆ వాక్యాలు ఇప్పటికీ కనబడతాయి, చదివితే కడుపులో దేవుతుంది. మీ పత్రంలో ఎత్తు, ఖాళీ జాగా తప్ప ఇంకేమీ రానివ్వకండి. అంతా కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు "ఫలానా వాళ్లకు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, మాంసం వండకూడదు" అని మెల్లగా మొదలుపెడతారు. ఆ మాట వచ్చిన నిమిషంలోనే తుంచేయండి.

ప్రశ్న వేసిన అక్క

కాలిఫోర్నియా తమ్ముడు చెప్పినట్టే చేశాం. పోయిన ఆదివారం మా ఆయన, వీధి పిల్లలు కలిసి రెండు పొడుగు వెదురు బొంగులు ఒకదానికొకటి కట్టి, అడుగు అడుగుకూ ఎర్ర గుడ్డ పీలికలు చుట్టి, కువైట్ ఆయన ఖాళీ ప్లాటులో నిలబెట్టారు. ఆయనకు ఫోను చేసి అడిగాకే లోపలికి వెళ్లాం. నేను అమ్మ కుర్చీలో అమ్మ ఎత్తుకు ఒంగి కూర్చున్నాను. కింద నిలబడిన పిల్లాడు ఒక్కో గుడ్డా లెక్కపెడుతుంటే, అది కొండకు అడ్డమొస్తోందో లేదో నేను మిద్దె మీద నుంచి కేకేస్తూ పోయాను.

అప్పటిదాకా మేమంతా అనుకున్నది "గ్రౌండు, పైన ఒకటి, అంతకు మించొద్దు" అని. పునాది 2 అడుగులు, రెండు అంతస్తులు కలిపి 21, పిట్టగోడ 3, మొత్తం 26. ఆ అంకెతోనే పత్రం రాయించబోయాం. తీరా చూస్తే 24 దగ్గర చిన్న మూపురం మునిగిపోయింది, 26 దగ్గర పెద్దదీ పోయింది. మేం పోట్లాడి అందరి చేతా సంతకాలు పెట్టించుకుని ఉంటే కూడా అమ్మకు మిగిలేది పిట్టగోడే.

దిగులుగా కూర్చుని ఉంటే అమ్మే అంది, "పైకి ఎంత కట్టుకుంటే ఏముందే, పక్కన ఇంత సందు ఇడిస్తే చాలదా" అని. ఇప్పుడున్న ఇళ్ల మధ్యలోంచి కూడా కొండ కనబడుతుంది కదా అని అప్పుడు తట్టింది. మా ప్లాట్లు 33 అడుగుల వెడల్పు. ముందు వరుసలో ఒక ఇంటాయన పై అంతస్తులో తూర్పు వైపు 12 అడుగులు వదిలి, పక్కింటాయన పడమర వైపు 12 వదిలితే, ఆ రెండూ కలిసి 24 అడుగుల కిటికీ అవుతుంది. మిగతా 21 అడుగుల వెడల్పులో మున్సిపల్ రూల్స్ ఎంతవరకు ఒప్పుకుంటే అంత ఎత్తు కట్టుకోవచ్చు. మా ఎదురుగా ఆ బొంగు 12 అడుగులు పక్కకు జరిపి మళ్లీ కూర్చుని చూశాను. రెండు మూపురాలూ, వాటి నడుమ పల్లమూ మొత్తం కనబడ్డాయి.

కాలనీ పార్కులో ఆ రాత్రి మీటింగు పెట్టాం. కర్నూలు తమ్ముడి మాటలు నేనే చదివి వినిపించాను. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి "ఎత్తు తగ్గించమంటే నేను రాకపోయేవాణ్ణి, సందు అంటే ఆలోచిస్తాను" అన్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చంతా వెనక రెండు వరుసలూ పెట్టుకోవాలని, సందు వదిలిన ఇంటికి వాళ్ల బోరు ఎండినప్పుడు మేం నీళ్లివ్వాలని ఒప్పుకున్నాం. "ఇది చేయాలి" లాంటివి కొత్త కొనుగోలుదారు మీద నిలవవని లాయరు తమ్ముడు చెప్పింది గుర్తుంది, అందుకే నీళ్ల మాట విడిగా కాలనీ సొసైటీ మినిట్స్‌లో (మీటింగు పుస్తకంలో) రాసుకున్నాం. ఒకరు అద్దెల గురించి, తినేవాటి గురించి ఎత్తబోయారు నిజంగానే. మా ఆయన అక్కడే ఆపేశారు.

కొలతకు పార్కులోని నీళ్ల ట్యాంకు పునాది బండ గుర్తు పెట్టుకున్నాం. ముందు వరుస 12 మందిలో ఏడుగురు సరే అన్నారు. ఇద్దరు వద్దన్నారు, వాళ్లతో పలకరింపులు మామూలుగానే ఉన్నాయి. మూడంతస్తులాయన ఎలాగూ కట్టేశాడు. పిల్లలున్న ఆమెను అడగలేదు. మిగిలింది కువైట్ ఆయనే.

జవాబు: కడప, అడ్వకేట్

అక్కా, ఇది నేను రాసిచ్చే పత్రాలకంటే బాగుంది. సందు ఏ వైపు, ఎన్ని అడుగులు, ఎంత ఎత్తు పైన ఖాళీ ఉండాలి, మూడూ ప్లాటువారీగా స్కెచ్ గీయించి పత్రానికి అతికించండి. సందులో నీళ్ల ట్యాంకు, మెట్ల గది, రేకుల షెడ్డు రాకూడదని కూడా రాయండి, గొడవలు మొదలయ్యేది వాటి దగ్గరే. ఏ ప్లాటు కోసం ఏ ప్లాటు వదులుకుంటోందో పేరుపేరునా ఉండాలి, రేపు కోర్టులో అడిగే హక్కు ఎవరికుందో తేలేది దాన్ని బట్టే.

కువైట్ ఆయన రాలేకపోతే ఈ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి మన ఎంబసీలో అటెస్ట్ చేయించి పంపమనండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటనివ్వకండి.

ప్రశ్న వేసిన అక్క

నిన్న రాత్రి కువైట్ ఆయనతో మాట్లాడాను. మొదట "నేను వచ్చి కట్టేటప్పటికి చూద్దాంలేమ్మా" అన్నాడు. వీడియో కాల్ పెట్టి ఫోను అమ్మ చేతికిచ్చాను. అమ్మ ఫోను తిప్పి పట్టుకుని ఆయనకు కొండ చూపించింది, ఏ మూపురం పేరేంటో, ఏ వైపు ఘాటు రోడ్డు పోతుందో. ఆయనది కూడా ఘాటు అవతలి ఊరే అని అప్పుడు తెలిసింది. పడమర వైపు 12 అడుగులకు సరే అన్నాడు, స్కెచ్ పంపమన్నాడు. ఎంబసీ అపాయింట్‌మెంటు దొరికాక పవర్ పంపుతాడు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని అయ్యాక ఖర్చు ఎంతైందో, ఏమేం కాగితాలు అడిగారో ఇక్కడే రాస్తాను. ఎనిమిది ప్లాట్ల ఈసీలు తీయించడానికి ఈ సోమవారం సెలవు పెట్టాను.